దీపం లేని ఊళ్ళు

నిజాము కాలపు రెవెన్యూ దఫ్తరాలలో 'బేచిరాక్' అనే మాటొకటి ఉన్నది. పారసీలో 'చిరాగ్' అంటే దీపం, 'బే' అంటే లేనిది. ఊరికి పేరు ఉంటుంది, పొలిమేర ఉంటుంది, సర్వే నంబర్లుంటాయి, శిస్తు కూడా ఉంటుంది. లేనిదల్లా సంధ్యవేళ దీపం పెట్టే మనిషి. అటువంటి గ్రామాన్ని ఆనాటి గుమాస్తాలు 'బేచిరాక్' అని రాసుకొన్నారు. లెక్కలు రాసుకొనేవారికి ఇంత కవిత్వం ఎట్లా అబ్బిందో గాని, తెలుగు పాఠం చెప్పి బతికే నావంటివాడికి ఆ మాట వింటే కొంచెం ఈర్ష్య కలుగుతుంది. మనం 'పాడుపడ్డ ఊరు' అంటాం. 'పాడు' అనే మాటలో ఎంత కాదన్నా తిట్టు ఉన్నది. 'బేచిరాక్' లో తిట్టు లేదు.

ఈ మాట ఇంకా చావలేదు. తెలంగాణలో తహసీలు కచేరీకి పోయి అడగండి, ఫలానా గ్రామం బేచిరాక్ అని ఇప్పటికీ చెబుతారు. ఆ గ్రామపు భూములను పక్క ఊరి రైతులు దున్నుకొంటూ ఉంటారు. ఊరు మాత్రం ఉండదు. ఒక చింతచెట్టు, పూడిపోయిన బావి, చేను మధ్య ఒంటరిగా ఒక ఆంజనేయస్వామి, అదృష్టం ఉంటే బొడ్రాయి. ఇంతే మిగులుతుంది.

నేను పనిచేసే వికారాబాదు చుట్టుపక్కల సెలవు దినాలలో తిరగడం నాకొక అలవాటు. కొందరు తీర్థాలు తిరుగుతారు, కొందరు సినిమాలు చూస్తారు. నేను తాళం వేసిన ఇళ్ళు చూస్తాను. మా ఇంట్లో దీన్ని గురించి ఏమనుకొంటారో ఇక్కడ రాయనక్కరలేదు.

ఈ ప్రాంతం గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. వికారాబాదుకు ఆ పేరు, పందొమ్మిదో శతాబ్ది చివరి సంవత్సరాలలో నిజాముకు ప్రధానిగా ఉన్న పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది. పక్కనే అనంతగిరి కొండలు. అక్కడ పుట్టిన మూసీ తూర్పుగా హైదరాబాదుకు పోతుంది. ఆ కొండలకు ఇవతల పడ్డ నీరు కాగ్నాలో కలిసి పడమరగా తాండూరు మీదుగా పోయి భీమలో పడుతుంది. ఒకే వాన, రెండు దారులు. మనుషులకూ అంతే. 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు రైలు పడ్డ నాటినుంచి ఇక్కడి జనానికి తూర్పున పట్నం, పడమర బొంబాయి, పూనా—రెండు వైపులా పోవడానికి దారి ఏర్పడింది. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలోనివే. తరువాత తాండూరు హైదరాబాదు జిల్లాలోకి, 1978లో రంగారెడ్డి జిల్లాలోకి, 2016లో వికారాబాదు జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలకుండానే ఇన్ని జిల్లాలు మారింది! కదిలిన వాళ్ళ సంగతి చెప్పేదేమున్నది?

పాటిదిబ్బలు

ఊళ్ళు పాడుపడటం కొత్త సంగతి కాదు. 1876–78 నాటి మహాకరువులో దక్కనులో ఎందరో ఊళ్ళు విడిచిపోయారు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ప్లేగు వచ్చింది. ఎలుకలు పడ్డాయంటే చాలు, ఇళ్ళకు తాళాలు వేసి చేలలో గుడిసెలు వేసుకొనేవారు. తగ్గాక కొందరు తిరిగి వచ్చారు, కొందరు ఆ గుడిసెల దగ్గరనే స్థిరపడి మరో ఊరు కట్టుకొన్నారు. 1918లో విషజ్వరం మరి కొన్ని ఇళ్ళను ఖాళీ చేసింది. పాత ఊరు మట్టిగోడల ఊరే గనుక, కొన్ని వానలకు కరిగి దిబ్బ అయింది. దాన్నే 'పాటిదిబ్బ' అంటారు.

ఆ దిబ్బ మన్ను మామూలు మన్ను కాదు. తరాల తరబడి పొయ్యిలో బూడిద, పశువుల పేడ, పారబోసిన చెత్త—అన్నీ కలిసిన ఎరువు. ఎండాకాలంలో రైతులు పాటిమన్ను తవ్వి బండ్లకెత్తి చేలకు తోలుతారు. ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చాయి. తవ్వినప్పుడు పెంకులు, గాజుముక్కలు, పూసలు, ఎప్పుడైనా ఒక రాగి పైసా బయటపడతాయి. పురావస్తు శాఖవారు ఈ తవ్వకాన్ని చూసి గుండెలు బాదుకొంటారు. వారి బాధలో న్యాయం ఉన్నది. కాని తాతలు కాల్చిన పొయ్యి బూడిద మనుమల చేలో కందిచెట్టు అయి లేవడం కూడా ఒక విధమైన వారసత్వమే కాదా? తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నల్లరేగడి మహిమ అన్నారు. పాటిమన్నుకు కూడా అందులో రవ్వంత వాటా ఇవ్వవచ్చునని నా మనవి.

మిద్దె ఎందుకు కూలుతుంది?

'కట్టి నూరేండ్లయిన ఇల్లు, తాళం వేసిన పదేండ్లకే కూలిందేమిటి?' అని చాలామంది అడుగుతారు. ఇందులో దెయ్యమూ లేదు, శాపమూ లేదు. సంగతి కప్పులో ఉన్నది.

ఇక్కడి పాత ఇల్లు మట్టిమిద్దె. గోడలు రెండు మూడడుగుల మందం. వాటిమీద దూలాలు, దూలాల మీద వాసాలు, వాసాల మీద అడ్డంగా చిన్న కర్రలు, ఆకులు లేక బోద. ఆపైన మెత్తిన మట్టి. అన్నిటికీ మీద చౌడు మన్ను. ఈ చౌడులో ఉన్న గుణం ఏమిటంటే, నీరు తగలగానే అది ఉబ్బి మెత్తని పూతలాగా పరుచుకొని సందులు మూసుకొంటుంది. నీరు లోపలికి దిగదు, చూరు గొట్టం గుండా బయటికి జారిపోతుంది. కాని ఆ చౌడు ఏటేటా కొంత కొట్టుకుపోతుంది. మృగశిర కార్తె రాకముందే మిద్దె ఎక్కి, మొలిచిన గడ్డి పీకి, కొత్త చౌడు పోసి తొక్కాలి. ఒక ఏడు మానివేస్తే ఏమీ కాదు. రెండో ఏడు ఒక మూల ఉరుస్తుంది. మూడో ఏడు మిద్దెమీద రావిమొక్క మొలుస్తుంది. వేరు దిగిన దారి వెంటనే నీరు దిగుతుంది. దూలం కొస గోడలో ఉన్నచోట తడి చేరి చెదలు పడతాయి. బయటికి చూస్తే దూలం నిక్షేపంగా ఉంటుంది, గోడలో ఉన్న జానెడు మాత్రం పొట్టు. ఒకనాటి రాత్రి ముసురులో అది దిగుతుంది. కప్పు పోయిన మట్టిగోడ ఆ తరువాత ఎన్నో వానలు ఆగదు.

పొగ సంగతి కూడా చెప్పాలి. రోజూ పొయ్యి వెలిగే ఇంట్లో పొగ వాసాలకు పట్టి పురుగును దగ్గరికి రానియ్యదు. వంట మానేసిన ఇంట్లో కర్ర దిక్కులేనిదవుతుంది. అంటే, మనిషి ఇంట్లో ఉండటమే ఇంటికి మరమ్మతు. 'బేచిరాక్' అన్న గుమాస్తా ఈ సంగతి ఎరిగే అన్నాడా అనిపిస్తుంది నాకు.

తాండూరు వైపు పోతే కథ వేరు. అక్కడ భూమిలో నాపరాయి పొరలు పొరలుగా, పుస్తకంలో కాగితాల్లాగా పరుచుకొని ఉన్నది. ఉలి పెట్టి లేపితే బండ పలకలాగా లేచివస్తుంది. గోడకు అదే, నేలకు అదే, కప్పుకు అదే, పశువుల తొట్టికి అదే, చేనికి నిలువునా పాతితే దడి కూడా అదే. ఈ ఇళ్ళు తొందరగా కూలవు. మనుషులు పోయిన ముప్పై నలభై ఏండ్లకు కూడా గోడలు నిలబడే ఉంటాయి. అయితే వాటికి మరో గండం—నిలబడ్డ బండకు ధర ఉన్నది. ఎవరో ఒకరు వచ్చి ఊడదీసుకొని పోతారు. మట్టి ఇల్లు వానకు పోతుంది, రాతి ఇల్లు మనిషికి పోతుంది.

పద్నాలుగు పాళ్ళు

ఇళ్ళు ఎందుకు ఖాళీ అవుతున్నాయి అంటే అందరూ చెప్పే జవాబు, 'చదువులు, ఉద్యోగాలు' అని. అది సగమే. ఉద్యోగానికి పోయినవాడు ఇల్లు అమ్మవచ్చు, అద్దెకివ్వవచ్చు, దానం చేయవచ్చు. మరి తాళం వేసి ఎందుకు వదిలిపెడుతున్నాడు?

ధారూరుకు తాండూరుకు మధ్య ఒక పల్లె. ఊరి పేరు వద్దు. భవంతి ఇల్లు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ నగిషీ కంభాలు, ఒక పక్క కొట్టం. కచ్చరం బండి ఒకటి ఇరుసు మీద కూలబడి ఉన్నది. నాతో ఇద్దరు విద్యార్థులున్నారు. మేము గుమ్మం చూస్తూ నిలబడి ఉండగా ఎదురింటి అవ్వ వచ్చింది. డెబ్బయి ఎనభై మధ్య వయస్సు. కొంగున తాళంచెవి.

"ఏం జూస్తున్నరు సారూ, పాడువడ్డ ఇంట్ల?"

"ఊరికే చూద్దామని వచ్చాం అవ్వా. ఎవరిదీ ఇల్లు?"

"ఎవరిదంటే ఏం జెప్పాలె బిడ్డా! ఐదుగురు అన్నదమ్ములది. ఒగాయన పట్నంల, ఒగాయన పూనాల, ఇంకొగాయన బొంబాయి వోయి ఆడనే ఉండిపాయె. ఇద్దరు కాలం జేసిరి. ఇప్పుడు పిల్లలు, పిల్లల పిల్లలు—అందరివి గల్పి పద్నాలుగు పాళ్ళు. దూలాలేమో తొమ్మిది. ఎట్ల పంచుతవో నువ్వే జెప్పు."

నేను చదువుకొన్న చదువులో దీనికి సమాధానం లేదు.

లోపల చల్లగా ఉన్నది. గోడ గూట్లో మట్టి ప్రమిద, అందులో ఒత్తి. ఒత్తి కొస అప్పుడే కాలినట్టు నల్లగా ఉంటే అడిగాను. శనివారం శనివారం వచ్చి ఆమే వెలిగిస్తుందట.

"వాళ్ళు పెట్టమన్నారా అవ్వా?"

"ఎవరు వెట్టమంటరు? ఈ ఇంటి పెద్దమ్మ నా పెండ్లికి పుస్తె జేయించి ఇచ్చింది. ఆమె ఉన్నన్నాళ్ళు ఈ గూట్ల దీపం తప్పలేదు. నాకు చాతనైనన్ని దినాలు వెడ్త."

"తరువాత?"

"తర్వాత నా కోడలు వెడ్తదా? అది టీవీ ముంగట లేస్తదా?" అని అవ్వ నవ్వింది.

ఆ ఇంట్లో ముఖ్యమైన చిక్కు ఇదీ: ఊరి నడుమ ఇళ్ళ జాగాలు చాలామటుకు గ్రామకంఠం. పొలాలకున్నట్టు ఒక్కొక్కరి పేర పట్టా ఉండదు. పెద్దలు నోటిమాటగా పంచుకొన్నారు. ఇప్పుడు అమ్మాలంటే పద్నాలుగు సంతకాలు కావాలి. పదమూడు దొరుకుతాయి. ఆ పద్నాలుగోవాడు ఎప్పుడూ చివరి వానాకాలం దాకా దొరకడు. కోర్టు ఖర్చుకు ఇల్లు చాలదు. మరమ్మతుకు డబ్బు పెట్టినవాడికి ఇల్లు దక్కుతుందన్న నమ్మకం లేదు. అందుచేత ఎవరూ పెట్టరు. ఎవరికీ ఇంటిమీద కోపం లేదు, అందరికీ ప్రేమే. ఆ ప్రేమ కిందనే ఇల్లు కూలుతున్నది.

ఇది మన ఒక్కరి బాధే అనుకోవద్దు. జపానులో 2023లో లెక్క తీస్తే ఖాళీ ఇళ్ళు 90 లక్షలు తేలాయి. అంటే నూటికి సుమారు పద్నాలుగు. అక్కడా వారసులు ఎక్కువై, ఊళ్ళో ముసలివారు పోయి, ఇళ్ళు అట్లా నిలిచిపోతున్నాయి. మన దేశంలో 2011 జనాభా లెక్కలలో పల్లెలూ పట్నాలూ కలిపి సుమారు రెండున్నర కోట్ల కట్టడాలు ఖాళీగా ఉన్నట్టు రాశారు. ఇల్లు లేనివారి లెక్క కూడా అదే పుస్తకంలో ఉంటుంది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకొని చూసేవారు తక్కువ.

గడీల మాట

పాడుపడ్డ ఇళ్ళంటే తెలంగాణలో మొదట గుర్తుకు వచ్చేది గడీలు. బురుజు, ఎత్తయిన గోడ, ఏనుగు పట్టే దర్వాజా, లోపల కచేరి. దొర ఒక్కడు, బయట ఊరంతా. 1948లో పోలీసు చర్య, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, 1973లో భూపరిమితి చట్టం, 1984లో పటేల్ పట్వారీ పద్ధతి రద్దు—ఒక్కొక్కటీ గడీలో ఒక్కొక్క గదికి తాళం వేసింది.

గడీ కూలిపోయిందని విచారించేవారిని నేను చూశాను, సంతోషించేవారినీ చూశాను. రెండోవారితోనే నాకు ఎక్కువ ఏకీభావం. ఆ డంగు సున్నపు గోడ అద్దంలాగా మెరుస్తున్నదంటే, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి గానుగలో తిప్పి తిప్పి నూరిన చేతులున్నాయి. ఆ చేతులకు చాలాచోట్ల కూలి లేదు. దాని పేరు వెట్టి. విసునూరు దేశ్‌ముఖు గడీ పేరు చెబితే నల్లగొండ, వరంగల్లు వైపు ముసలివారి ముఖాలు ఇప్పటికీ మారతాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసిన తుపాకి ఆ గడీ మనుషులదే. అటువంటి గోడ కూలితే కన్నీరు కార్చమని ఊరివారిని అడగగలమా?

అయినా కట్టిన పనితనం దొరది కాదు, మేస్త్రీది. ఆ దృష్టితో కాపాడితే కాపాడవచ్చు. కామారెడ్డి వైపు దోమకొండ గడీని శ్రద్ధగా బాగుచేస్తే 2022లో యునెస్కోవారి ఆసియా–పసిఫిక్ పురస్కారం వచ్చింది. దానికి డబ్బూ, ఓపికా ఉన్న వారసులు దొరికారు. అందరికీ దొరకరు.

పోతే, తలుపుల సంగతి. పాత టేకు దర్వాజాలకు ఇప్పుడు పట్నంలో గిరాకీ ఎక్కువ. పల్లెలో ఊడదీసిన చెక్కుడు ద్వారబంధం హోటలు ముంగిట నిలబడుతుంది. ఈ మధ్య అనంతగిరి దారిలో ఫారం హౌసులు విపరీతంగా లేస్తున్నాయి. ఒకదానికి అటువంటి దర్వాజాయే బిగించి ఉండగా చూశాను. కడపకు పసుపు రాసిన మరక ఇంకా పోలేదు. ఆ ఇంటి యజమానులు పట్నం నుంచి నెలకొకసారి వస్తారని కాపలావాడు చెప్పాడు. మిగతా రోజులన్నీ తాళం. ఇల్లు కొత్తది, తాళం కొత్తది!

లంకెబిందెల పిచ్చి

పాడుపడ్డ ఇంట్లో నాకు ఎక్కువగా కనిపించేది పామూ కాదు, గబ్బిలమూ కాదు. గుంట. గుమ్మం కింద, పొయ్యి పక్క, దేవుడి గూటి కింద, గోడలో—ఎవరో రాత్రిపూట వచ్చి తవ్విన గుంటలు. పక్కన నిమ్మకాయలు, కుంకుమ. లంకెబిందెల మీద ఆశ! ఆ ఇంటివారికే తినడానికి లేక బొంబాయి పోయారయ్యా, బంగారం పాతిపెట్టి ఎందుకు పోతారు అని చెబితే వినేవారు లేరు. పాత ఇళ్ళలో భూమి కింద నిజంగా ఉండేది పాతర. జొన్నలు పోసి, గడ్డి కప్పి, మన్ను పూడ్చి దాచుకొనే గొయ్యి. తవ్వేవారికి ఆ పాతర గోడ తగిలి, నిధి దొరికిందన్న భ్రమతో మరింత లోతుకు పోతారు. ఈ తవ్వకాల వల్ల గోడ పునాది కదిలి, రెండేండ్లు నిలబడవలసిన ఇల్లు ఆ ఏడే పడుతుంది.

1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉన్నది. భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే శిక్ష. ఇది మంత్రగాళ్ళు చెప్పరు గనుక నేను చెబుతున్నాను.

మీలో ఎవరికైనా ఇటువంటి ఇళ్ళు చూడాలని సరదా ఉంటే—పిల్లలకు ఉంటుంది, వారిని ఆపలేము—రెండు సంగతులు. పాడుపడ్డ ఇంటికి కూడా యజమాని ఉంటాడు, పక్కింటివారిని అడగనిదే లోపలికి పోవద్దు. అడిగితే తాళంచెవితో పాటు కథ కూడా దొరుకుతుంది. ఇంటి వెనక చేదబావి ఉంటుంది, దానిమీద తీగలు అల్లుకొని నేలలాగా కనిపిస్తుంది. కర్రతో తట్టి చూడనిదే అడుగు వేయవద్దు. వానాకాలంలో అసలే పోవద్దు.

అటక మీది కాగితాలు

ఇంత తిరిగీ నేను వెదికేది ఏమిటంటే, కాగితాలు. కూలిన ఇంట్లో దూలానికి ధర కట్టేవాడుంటాడు, ఇత్తడి బిందెకు ధర కట్టేవాడుంటాడు. అటకమీది మూటను మాత్రం పొయ్యిలో పెడతారు, లేదా పాత కాగితాలవాడికి తూకానికి వేస్తారు.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చినప్పుడు 354 మంది కవులు తేలారు. వారంతా ఎక్కడి నుంచి వచ్చారు? ఇటువంటి మిద్దెల కింద నుంచే. ఊరూరా తిరిగి శాసనాలు రాసుకొన్న లక్ష్మణరాయ పరిశోధక మండలివారు కూడా ఇటువంటి అరుగుల మీదనే కూర్చున్నారు. ఆ సంచికలో చేరనివారు ఎందరో, వారి తాటాకులు ఏ గూట్లో ఉన్నాయో!

ఎప్పుడూ కావ్యమే దొరకనక్కరలేదు. అవ్వ చూపిన ఇంట్లో దొరికిన మూటలో పద్యం ఒక్కటీ లేదు. ఉర్దూలో రెండు రసీదులు, ఒక పెండ్లికి వచ్చిన చదివింపుల పట్టిక, కాన్పుకు పోయిన ఆడపడుచుకు పంపిన సామాను జాబితా, ఒక పిల్లవాడి చేతిరాతలో ఎక్కాలు. చదివింపులలో ఎవరు ఎన్ని శేర్ల జొన్నలిచ్చారో, ఎవరు ఒక టెంకాయ మాత్రమే ఇచ్చారో పేరుపేరునా ఉన్నది. నా విద్యార్థి ఒకడు ఆ పట్టికలో తన ముత్తాత పేరు చూసుకొన్నాడు. రెండు శేర్లు ఇచ్చినవాడు. వాడు ఆ కాగితాన్ని సెల్‌ఫోనులో ఫోటో తీసుకొని, మూటను మళ్ళీ అవ్వకే ఇచ్చాడు. పద్నాలుగు పాళ్ళవారిలో ఒకరికి ఫోను చేసి చెప్పించాం. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, 'దసరాకు వస్తాం, అప్పటిదాకా కాల్చవద్దని చెప్పండి' అన్నారు.

మీ ఊళ్ళో మీ పెద్దల ఇల్లు ఉంటే, ఈ వానలకు ముందే ఒకసారి పోయి అటక చూడండి. తాటాకులు దొరికితే కొబ్బరినూనె రాయవద్దు, ఎండలో ఆరబెట్టవద్దు. పెళుసుగా ఉంటే విప్పకుండానే శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, రెండు పలకల మధ్య పెట్టి తీసుకుపోండి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయం ఉన్నది, అక్కడ చదివి చెప్పగలవారున్నారు. కాగితాలు ఉర్దూలో ఉంటే పనికిరానివనుకొని పారవేయవద్దు. ఈ ప్రాంతంలో ఇంటి లెక్కలు, భూమి లెక్కలు చాలామటుకు ఆ లిపిలోనే ఉన్నాయి. చదవగలిగిన పెద్దవారు ఊరికొకరైనా ఇంకా ఉన్నారు. వారి దగ్గర కూర్చోపెట్టి చదివించి, పక్కన మీరు తెలుగులో రాసుకోండి.